రెండు చొక్కాల ఫిల్ము

పారాదీప్,
ఫిబ్రవరి 1995.

అచ్యుతరామయ్య అన్నయ్యకి పోతమ్మ రాసుకున్నది.

నన్ను మర్సిపోయుంటావు. ఉక్కునగరంలో మీ ఇంటికి వంజరాలు, పండుగప్పలు తెచ్చేదాన్ని. కాంతం వదిన బేరం ఆడకుండా ఒక్క సేప తీసుకున్న పాపాన పోనేదు. ఆ యారాడ పోతమ్మని, ఎల్లారావు పెళ్ళాన్ని.

నావ పోయినాక నాను మా అన్న గురువులు కాడికి పారాదీప్ వచ్చీసినాను. ఇక్కడ రొయ్యలు ఒలిసే షెడ్డులో పని. మా గుంట సాయిదుర్గకి ఏడేళ్ళు. ఆళ్ళ నాన్న యేటకెల్లినప్పుడు అది కడుపులో ఉన్నాది.

అన్నయ్యా, ఊరికే రాయట్లేదు. మొన్న మా అన్నతో టీ తాగడానికి ఒకాయన వచ్చినాడు. పేరు అర్జునరావు, పూడిమడక మనిషి, ఇక్కడ వలలు బాగుసేత్తాడు. మాటల్లో మాటగా అన్నాడు: ఎనభై ఎనిమిదిలో గంగమ్మ పండగ అయిన వారానికి ఆళ్ళ ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చిందట. మొకం సేపలు తినేసినాయి. ఎవులూ రానేదు. ఆళ్ళే సరుగుడు తోట పక్కన ఇసకలో పాతి, కర్పూరం ఎలిగించినారట. ఒంటి మీద కొత్త సొక్కా, ఆకుపచ్చది అన్నాడు. లోపల గిన్నెలు తోముతున్న నా సేతిలోంచి గిన్నె జారిపోనాది.

ఎందుకో సెప్తాను విను. పురిటికి మా యమ్మ కాడికి మంగమారిపేట ఎల్లిపోతూ, పండక్కని పూర్ణా మార్కెట్లో నానే రెండు సొక్కాలు కొన్నాను. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. మా ఆయనకొకటి, మా మరిది కోటికొకటి. ఎవులికి ఏదో నాను సెప్పనేదు. అన్నదమ్ములు ఆళ్ళే తేల్చుకుంటారని అత్త సేతిలో ఎట్టేసి బస్సెక్కినాను. ఆ సొక్కాలేసుకునే ఇద్దరూ యేటకెల్లినారు. నావ తిరిగి రానేదు. ఒక మనిషిని ఏదో ఓడోళ్ళు ఎత్తుకుని బంగ్లా ఏపు తీసుకుపోనారని హార్బర్లో అప్పుడే అనుకున్నారు. ఒక మనిషిని, ఇద్దర్ని కాదు.

ఇప్పుడు తెలిసినాదా నీకు? ఆకుపచ్చ ఎవులిదైతే ఆడు ఇసకలో ఉన్నాడు. రెండోవోడు ఎక్కడో ఉన్నాడు.

అత్తని అడిగించినాను. గుర్తు నేదంట. ఆ పొద్దు నువ్వు ఒడ్డు మీద ఇద్దర్నీ నిలబెట్టి ఫొటో తీసినావంట కద. ఆ ఫొటో పంపు అన్నయ్యా. ప్రాణం అరసేతిలో ఎట్టుకుని కూకున్నాను.

పోతమ్మ


ఉక్కునగరం, విశాఖపట్నం,
మార్చి 1995.

చెల్లెమ్మ పోతమ్మకి ఆశీస్సులు.

నిన్ను మర్చిపోతానా? నీ ఉత్తరం కాంతం చదివి పెట్టింది. సగంలో కాగితం నా చేతిలో పెట్టేస్తే మిగతాది నేను చదువుకున్నాను.

నేను ఫొటో తీసిన మాట నిజం. నాకైనా గుర్తుండాలి కదా ఎవరు ఏ చొక్కా తొడిగారో! లేదమ్మా. ఆ రోజు నా ధ్యాసంతా వెలుతురు మీదా, లెన్సు మీదా. కెమెరా పట్టుకున్నవాడు మనిషిని చూడడు, నా మొహం. ఎల్లారావు నవ్వుతున్నాడు, కోటి నవ్వనని బిగుసుకున్నాడు. అంతే గుర్తు.

ఫొటో లేదు. ఫిల్ము ఉంది. సంగతి ఇది. అది కాగితం మీద అచ్చేసే ఫిల్ము కాదు, స్లైడు ఫిల్ము. కడిగితే ఆ ఫిల్ము ముక్కే రంగుల బొమ్మవుతుంది, వెలుగుకి పెట్టి చూసుకోవాలి. తూర్పు జర్మనీది, చవగ్గా దొరికేదని అదే వాడేవాణ్ణి. సగం రోలు మిగిలింది కదా, పూర్తిచేసి పంపుదామని కెమెరాలోనే ఉంచేశాను. తీరా బొంబాయి పంపితే, ఈ రకం కడగడం మానేశాం అని తిప్పి పంపారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ ఏం ఖర్మ, ఆ దేశమే లేదిప్పుడు. అప్పట్నుంచీ ఆ రోలు మా ఫ్రిజ్‌లో ఆవకాయ పక్కన రేకుడబ్బాలో ఉంది.

నలుపూ తెలుపూ బొమ్మగా అయితే నేనే కడిగేస్తాను, చిటికెలో పని. ఎల్లారావు మొహం నీకు దక్కుతుంది. రంగుల్లో కడగాలంటే ఆ మందులే దొరకవు. దొరికినా ఒక్కసారే అవకాశం, చెడిపోతే మొహం కూడా మిగలదు. పైగా ఏడేళ్ళ పాత ఫిల్ము. నా మాట విని నలుపు తెలుపుకి ఒప్పుకో తల్లీ.

మీ అన్నయ్య
అచ్యుతరామయ్య


పారాదీప్,
మార్చి 1995.

అన్నయ్యా,

నలుపూ తెలుపూ ఏటికి నాకు? ఆకుపచ్చా నీలం రెండూ ఒకే మసిలాగ కనబడతాయి. ఇక్కడ స్టూడియో వోణ్ణి అడిగీసే రాత్తన్నాను. నా మొగుడి మొకం నాకు తెల్దా, నువ్వు పంపితే సూడాలా?

నా బతుకు ఎలాగుందో సెప్తాను, అప్పుడు తీర్పు సెప్పు. మట్టిగాజులు ఏసుకుంటే ఒడ్డున ఉన్న ఆడోళ్ళు ఎనక నవ్వుతారు. తీసేద్దామని పట్టుకుంటే సెయ్యి రాదు. పేరంటానికి పిలవరు. అలాగని ముండమోసిందని ఒదిలీరు. స్కూల్లో సాయిదుర్గ ఆళ్ళ నాన్న పేరు ముందర ‘కీర్తిశేషులు’ రాయాలా ఒద్దా అని పంతులమ్మ అడిగితే, అది ఇంటికొచ్చి నన్నడిగింది. నాను దాన్ని కొట్టినాను. ఏటి పాపం సేసింది అది?

ఇద్దరూ పోనారంటే ఏడిసి ఊరుకుందును. ఇద్దరూ ఉన్నారంటే ఎదురు సూద్దును. ఒకడు పోనాడు, ఒకడు ఉన్నాడు, ఎవుడో తెల్దు అంటే ఏటి సెయ్యాల మడిసి?

నువ్వు స్టీలు ప్లాంటులో మందుల పరీచ్చలు సేసే వోడివి కద. వదిన సెప్పేది, బొగ్గులోంచి తీసిన నూనెలన్నీ నీ గాజు గొట్టాల్లోకే వస్తాయని. అంత సదువుకున్నోడివి, రెండు రంగులు తియ్యలేవా? పాడైపోతే పోనీ. నాను అడిగినానని సాచ్చికం ఈ ఉత్తరం ఉంచుకో. రంగులే గావాల.

పోతమ్మ


ఉక్కునగరం,
మే 1995.

పోతమ్మకి,

తిట్టావు కదా, మొదలెట్టాను. సంతోషమేనా?

డాబాగార్డెన్స్‌లో మూతపడ్డ ఒక స్టూడియో ఆయన దగ్గర పాత రంగు మందు పొడి రెండు సీసాలు దొరికాయి. మిగిలినవి మా ల్యాబు కుర్రాళ్ళు కలకత్తా నుంచి తెప్పించిపెట్టారు. అదృష్టం ఏమిటంటే, ఆ రోజుల్లో అదే పెట్టెలోంచి కొన్న కొత్త రోళ్ళు రెండు వాడకుండా ఉండిపోయాయి. మన రోలు ఎంత ముసలిదో అవీ అంతే ముసలివి. వాటి మీద చెయ్యి కుదిరాకే మన రోలు ముట్టుకుంటాను.

పని ఇలా ఉంటుంది. చీకట్లో మొదటి మందులో ఫిల్ము నానాలి. అప్పుడు లోపల నల్ల బొమ్మ ఒకటి వస్తుంది. తర్వాత దాన్ని బయటికి తీసి దీపం వెలుగు చూపించాలి. ఇన్నాళ్ళూ వెలుగు తగలకుండా దాచినదాన్ని ఎదురుగా దీపానికి పట్టడం! ఆ తర్వాత రంగు మందు. ఆఖర్న నల్లదంతా కరిగించేస్తే రంగులు మిగలాలి.

మిగలాలి అన్నాను. మొదటి ముక్క మంచినీళ్ళలా వచ్చింది, బొమ్మే లేదు. రెండోది మొత్తం బీట్‌రూట్ రసం. మందు వేడెక్కకూడదు, మన కుళాయి నీళ్ళు చూస్తే ఈ ఎండల్లో టీ పెట్టుకునేలా ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి ఊకలో పెట్టి ఐసు దిమ్మలు తెచ్చాను. బాత్రూమంతా చేపల కంపు. శుభ్రం పిచ్చి ఉన్న కాంతం, “ఏవండీ, నేను ఎక్కడ స్నానం చెయ్యను, మీ నెత్తి మీదా?” అంది. కానీ ఐసు కరిగిపోతుంటే మళ్ళీ తొట్టెలో వేస్తున్నది తనే.

మూడో ముక్కా పోయింది. నాకు నమ్మకం తక్కువగా ఉందమ్మా. దాచడం ఎందుకు.

అచ్యుతరామయ్య


పారాదీప్,
మే 1995.

అన్నయ్యా,

ఐసు కంపుకి వదిన నిన్ను ఒదిలీనేదంటే అది దొడ్డ మనిషి. నా ఒంటికి రొయ్య కంపు ఏడేళ్ళుగా ఉంది, నన్నెవులు సూడాలి అనుకునీదాన్ని. సూసినోడు ఉన్నాడు. అది నీకు సెప్పనేదు.

ఆ అర్జునరావే. ఆడి పెళ్ళాం పోయి మూడేళ్ళయింది, పిల్లల్నేరు. మారుమనువు సేసుకుంటానని మా అన్నని అడిగినాడు. మా కులంలో అది తప్పు కాదు. సాయిదుర్గకి జడ ఏసి స్కూలు కాడ దిగబెడతాడు. తాగడు. ఇదంతా సెప్తే, ఆడు కావాలనే ఆకుపచ్చ కత సెప్పినాడని నువ్వనుకుంటావు. నానూ అనుకున్నాను. కానీ రెండు సొక్కాల సంగతి ఆడికి ఇప్పటికీ తెల్దు. మా అన్నకీ నాకూ అత్తకీ మీ ఇద్దరికీ తప్ప ఎవులికీ తెల్దు.

దీపాలపండగ దాటకుండా ఏదో ఒకటి సెప్పమన్నాడు. ఎదురు సూస్తానన్నాడు గానీ ఎన్నాళ్ళని? ఎల్లారావు ఇసకలో ఉంటే నాను ఆ సెయ్యి పట్టుకుంటాను. బతికుంటే, ఆడు ఎప్పుడో గుమ్మంలో నిలబడితే, నా మొకం ఎక్కడ ఎట్టుకోను?

నాకు నిద్దర నేదు. నీకు నమ్మకం నేదని రాయకు. నమ్మకం నాకూ నేదు, అయినా రొయ్యలు ఒలుత్తున్నాను కద. నువ్వూ కడుగు.

పోతమ్మ


ఉక్కునగరం,
జూన్ 1995.

చెల్లెమ్మా,

బొమ్మ వచ్చింది. రంగులూ వచ్చాయి. అయినా మొదటికే మోసం వచ్చింది.

పెరట్లో నీలం బకెట్టు పక్కన కాంతం ఆకుపచ్చ చీర ఆరేసి, పరీక్ష ఫిల్ము మీద ఫొటో తీసి కడిగాను. బకెట్టు నీలంగా వచ్చింది. చీరా నీలంగానే వచ్చింది! “నా చీర రంగు మార్చేశారే, కొత్తది కొన్నట్టే లెక్క,” అని కాంతం నవ్వింది. ఫిల్ములో పసుపు పొర ఒకటి ఉంటుంది. పసుపూ నీలం కలిస్తేనే ఆకుపచ్చ. పాతబడి ఆ పసుపు పొర మసకేసిపోయింది. పసుపు లేని ఆకుపచ్చ నీలమే కదా. మన రోలు ఇలాగే కడిగుంటే ఇద్దరూ నీలం చొక్కాల్లో కనపడేవాళ్ళు, నేను నీకు ఏమని రాసేవాణ్ణో!

ఆ మసకని అణచడానికి మొదటి మందులో ఒక ఉప్పు చిటికెడు చిటికెడు పెంచుతూ పోతున్నాను. పరీక్ష ఫిల్ము అయిపోవస్తోంది.

ఇంకో సంగతి. చెప్పకూడదనుకున్నాను, కడుపులో పెట్టుకోలేకపోతున్నాను. పోయిన నెల యారాడ వెళ్ళాను. మీ అత్త చిట్టమ్మని అడిగితే ఒకవేళ గుర్తొస్తుందేమో, ఈ ఫిల్ము గొడవే ఉండదని ఆశ. ఇసకలో చేపలు తిరగేస్తూ నన్ను గుర్తుపట్టింది. చొక్కాల మాటా ఫిల్ము మాటా ఎత్తగానే తలెత్తలేదు. “గుర్తు నేదు బాబూ,” అంది. లేచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఆ ఫిల్ము కడక్కు బాబూ. కడిగితే నాకొక కొడుకు పోతాడు. కడక్కపోతే ఇద్దరూ ఉంటారు. నీ కాళ్ళట్టుకుంటాను.”

నిజంగానే కాళ్ళ మీద పడబోయింది. నేను ఇంటికొచ్చి రోలు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నువ్వు కడగమంటున్నావు, ఆవిడ వద్దంటోంది. ఇద్దరిలో ఎవరి కన్నీళ్ళు ఎక్కువని తూచను? నువ్వే చెప్పు.

అచ్యుతరామయ్య


పారాదీప్,
జూన్ 1995.

అన్నయ్యా,

అత్తకి ఇద్దరు కొడుకులు. నాకు మొగుడు ఒకడే. ఆవిడకి తెలీకుండా ఉంటేనే బాగుంటాది. నాకు తెలీకపోతే నాను సచ్చిపోతాను.

కడుగు.

పోతమ్మ


ఉక్కునగరం,
జులై 1995.

పోతమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పరీక్ష ఫిల్ము ఆఖరి ముక్కలో కాంతం చీర ఆకుపచ్చగా వచ్చింది. బకెట్టు నీలంగా వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ మందుతోనే, ఆ కొలతలతోనే, మర్నాడు మన రోలు కడిగాను. దీపానికి చూపించే వేళకి దేవుణ్ణి కూడా తలుచుకోలేకపోయాను.

వచ్చారమ్మా, ఇద్దరూ. వెనక నావ, తెల్లటి నురుగు. అంచుల్లో కాస్త ఎరుపు జీర ఉంది గానీ మనుషులు శుభ్రంగా ఉన్నారు. ఎల్లారావు ఎడంపక్క, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. వాడి ఒంటి మీద నీలం చొక్కా. కోటి కుడిపక్క, మూతి బిగించుకుని. వాడిది ఆకుపచ్చ. మూడు బొమ్మలు తీశాను, మూడింట్లోనూ అంతే. అనుమానం లేదు. అది నా మాట కాదు, ఫిల్ము మాట.

పూడిమడక ఇసకలో ఉన్నది కోటి.

సంతోషించమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. రెండోవాడూ మనవాడే కదా. కాంతం ఆ బొమ్మ చూసి ఎల్లారావు నవ్వుకి నవ్వింది, కోటిని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. స్లైడు ఒకటి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కిటికీ దగ్గర వెలుగుకి పట్టుకుని చూడు, వేలిముద్రలు పడనియ్యకు.

మీ అత్తకి నేను వెళ్ళి చెప్పనా?

అచ్యుతరామయ్య


పారాదీప్,
ఆగస్టు 1995.

అన్నయ్యా! అన్నయ్యా! నీ సేతులకి బంగారు కడియాలు తొడగాల!

నీలం! నీలం కద! షెడ్డులో అందరికీ సూపించినాను. సూరీడికి పట్టి సూత్తే నా మొగుడు నవ్వుతున్నాడు. ఓలమ్మ, ఆ పళ్ళు సూడు! సాయిదుర్గ ఆళ్ళ నాన్నని ఇదే మొదలు సూడ్డం. “అమ్మా, నాన్న నాలాగున్నాడే,” అన్నాది. నువ్వు ఆడిలాగున్నావే గుంటా అని ముద్దెట్టుకున్నాను. సేతినిండా గాజులేసుకున్నాను, ఎర్రవి. ఎవులు నవ్వుతారో నవ్వనీ.

అర్జునరావుకి సెప్పీసినాను. మొగుడున్న దాన్ని, నీ మర్యాద నువ్వు ఉంచుకో అన్నాను. సాయిదుర్గ తల మీద సెయ్యేసి ఎల్లిపోనాడు. పూరీలో ఆళ్ళ మేనత్త సంబంధం సూసిందట, ఆ పిల్లని సేసుకుంటాడని అన్న అన్నాడు. మంచిదే, ఆడూ బతకాల కద.

నువ్వు పోర్టులోనూ, ఓడల ఆఫీసుల్లోనూ వాకబు సెయ్యి. బంగ్లా జైళ్ళలో మనోళ్ళు ఉంటారంట, ఆళ్ళకి ఇంగ్లీసులో రాయి. నాను అన్నతో హల్దియా రేవుకెల్లి అడిగొస్తాను.

అత్తకి నువ్వు సెప్పకు. కోటి సంగతి నీ నోట వినకూడదు. పుష్యమాసంలో నానే వస్తాను. అందరం పూడిమడక ఎల్లి ఆ ఇసకలో కోటికి నీళ్ళొదలాల. ఆడు నన్ను వదినా అని నోరారా పిలిసేవోడు. ఆడి కోసం ఏడుత్తానే ఉన్నాను అన్నయ్యా. ఏడుత్తా గాజులు సూసుకుంటన్నాను. పాపం తగులుతాదేటి నాకు?

పోతమ్మ


ఉక్కునగరం,
నవంబరు 1995.

చెల్లెమ్మా,

హల్దియా నుంచి నువ్వు ఉత్తచేతుల్తో తిరిగొచ్చావని మీ అన్న కార్డు రాశాడు. ఇక్కడా అంతే. పోర్టులో తెలిసినవాళ్ళని పట్టుకున్నాను, ఎనభై ఎనిమిదిలో వచ్చిన ఓడల సంగతి ఎవరికీ తెలియదు. ఢాకాకి రెండు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబొచ్చింది, ఆ పేరుగలవాడు తమ దగ్గర లేడని.

నా మనసులో మాట చెప్తాను, కోప్పడకు. కోటి పోయాడని ఫిల్ము చెప్పింది. ఎల్లారావు ఉన్నాడని ఫిల్ము చెప్పలేదు. ఆ రెండోది మనం తగిలించుకున్నాం. బతికున్నవాడు ఒక్క కార్డు ముక్క రాయడా ఇన్నేళ్ళలో? అర్జునరావుని పంపేసే ముందు నన్నొక్క మాట అడగాల్సింది. అడిగినా ఏం చెప్పేవాణ్ణిలే! నేనూ ఆ రోజున పండగ చేసుకున్నవాణ్ణే.

ఈమధ్య నా దగ్గరున్న స్లైడు బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంటున్నాను. ఎందుకు కడిగానా అనిపిస్తోంది. కాంతం నా చేతిలోంచి లాక్కుని లోపల పెట్టేసింది. అన్నం సహించడం లేదు.

నువ్వు చెప్పినట్టే చిట్టమ్మ దగ్గరికి వెళ్ళలేదు. పుష్యంలో వచ్చినప్పుడు ముందు మా ఇంటికి రా. నేనూ పూడిమడక వస్తాను.

అచ్యుతరామయ్య


యారాడ,
జనవరి 1996.

అన్నయ్యకి,

ఇంటికి రమ్మన్నావు, రానేదు. పూడిమడకకి నిన్ను పిలవనేదు. మా ఇంటి ఏడుపులో నిన్ను నిలబెట్టకూడదనుకున్నాను. ఇప్పుడనిపిస్తంది, నువ్వుండుంటే నాను అక్కడ పడిపోయినప్పుడు పట్టుకునీవోడివి.

జరిగింది జరిగినట్టు రాత్తన్నాను.

అత్తకి స్లైడు సూపించినాను. దీపం ముందర పట్టుకుని శానాసేపు సూసింది. కొడుకులిద్దర్నీ ఏలితో తడిమింది. కోటి ఆకుపచ్చలో ఉన్నాడు, పూడిమడకలో ఉన్నది ఆడే అత్తా అని సెప్పినాను. అవునననేదు, కాదననేదు. “అలాగేనమ్మా,” అన్నాది. నా గాజులకేసి సూసింది. పూడిమడక ఎల్లీదాకా నాలుగు రోజులూ నాకు తలకి నూనె రాసింది, కన్నతల్లి కన్నా ఎక్కువగా సూసింది. కోటి పోయిన బాధలో నన్ను పట్టుకుందనుకున్నాను.

సోటు సూపించడానికి అర్జునరావు వచ్చినాడు, కొత్త పెళ్ళాంతో. మంచి పిల్ల. సరుగుడు తోట పక్కన ఒక రాయి ఎట్టుంది, ఆడు ఎట్టిందేనంట. అందరం కూకున్నాం. మా వోళ్ళకి కర్మలు సేయించే దాసుడు పిండం ఎట్టించి, నీళ్ళ సెంబు అత్త సేతికిచ్చి, “పోనోడి పేరు సెప్పి ఒదులు తల్లీ,” అన్నాడు.

అత్త సెంబు పట్టుకుని కూకుండిపోనాది. సెంబు వొంగి నీళ్ళు ఇసకలోకి కారిపోతన్నాయి. దాసుడు మళ్ళీ అడిగినాడు. “కోటి అని సెప్పత్తా,” అని నానే అందించినాను. నా ఏపు తిరిగింది.

“బతికున్నోడికి నీళ్ళెలాగొదలనే? ఇది ఎల్లారావే.”

అన్నయ్యా, నువ్వు ఫొటో తీసి ఎల్లిపోనావు కద ఆ పొద్దు. కొత్త సొక్కాల్లో ఇద్దర్నీ జతగా నిలబెట్టి తీసినావని, ఒడ్డున అందరూ నిలబడి సూసినారని, దిష్టి తగిలిందని అత్త భయపడిందంట. ఎర్రనీళ్ళు తిప్పడానికి తీరిక నేదు, ఆటు పోతంది, నావ తోసీయాల. అందుకని ఒకడి సొక్కా ఒకడికి మార్పించింది. దిష్టెట్టిన కళ్ళకి మనిషి దొరక్కూడదని మా వోళ్ళు సేత్తారు అలాగ. నీలం ఇప్పి కోటికిచ్చినాడు మా ఆయన. ఆకుపచ్చ ఏసుకుని, “ఇది బిగుతే అమ్మా,” అన్నాడంట. ఆ మాట ఇన్నేళ్ళూ ఆవిడ సెవిలో ఉన్నాదంట.

ఆకుపచ్చ సొక్కా శవం మాట నాను అడిగించిన రోజే ఆవిడకి తెలిసిపోనాది, పోనోడు పెద్దోడని. సెప్పనేదు. ఎల్లారావు నేడంటే ఇంక నాను యారాడ రానని, గుంటని సూడనివ్వనని భయం. నువ్వు కడిగితే ఫొటోలో సొక్కాలు తిరగేసి కనబడి, బతికున్న కోటినే పోనోణ్ణి సేసేత్తారని కూడా తెలుసు. కడక్కు బాబూ అని నీ కాళ్ళు పట్టుకోబోయింది అందుకు. నువ్వనుకున్నావు, ఇద్దర్నీ బతికించుకుందామని అని. నానూ అదే అనుకున్నాను. నాను గాజులేసుకుని నవ్వుతా వచ్చీసరికి, సెప్పడానికి ఆవిడకి నోరు రానేదు. కోటి పేరు మీద నీళ్ళొదలడానికీ నోరు రానేదు.

నాను ఆవిడ్ని కొట్టడానికి లేసినాను. నలుగురూ పట్టుకున్నారు. తరవాత ఆ ఇసకలో పడి నా గాజులు నానే పగలగొట్టుకున్నాను. అర్జునరావు మొకం తిప్పుకుని నిలబడ్డాడు. ఆడి పెళ్ళాం నా సేతికి నెత్తురొత్తుంటే సీర సింపి కట్టు కట్టింది. దేవుడికి కళ్ళున్నాయా అన్నయ్యా? ఆ కట్టు కట్టించుకోవలసిన సెయ్యి నాది కాదు, ఆడి ఇంట్లో ఆ పిల్ల సోట ఉండవలసిన దాన్ని నాను.

నీ మీద నాకు కోపం నేదు. ఎవులో ఒకరి మీద ఉండాల, నీ మీద మాత్రం నేదు. నువ్వు రంగులు తప్పు తియ్యనేదు. ఉన్నది ఉన్నట్టు తీసినావు. ఆ పొద్దు ఫొటో తీసీటప్పటికి నా మొగుడి ఒంటి మీద నీలమే ఉన్నాది. అది వదినకి సెప్పు. నువ్వు అన్నం తినటం నేదని రాసినావు కద, తిను.

అత్త ఇప్పుడు పొద్దున్నే ఒడ్డుకెల్లి కూకుంటంది కోటి కోసం. నాను కూడా పక్కన కూకుంటున్నాను. మరిది వస్తాడేమోనని సూద్దామంటే కళ్ళు నీళ్ళ మీద నిలవటం నేదు. రేపు గుంటని తీసుకుని పారాదీప్ బండెక్కుతాను. షెడ్డులో పని పోకుండా అన్న మాటాడినాడు.

కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకన్నయ్యా. నీ సేతిరాత సూత్తే ఓర్సుకోలేను. నీలం అని నీ ఉత్తరం వచ్చిన కాడ నుంచి పుష్యం దాకా నా మొగుడు బతికున్నాడు. ఆ నెలలే ఆడితో నాను కాపరం సేసినట్టు ఉన్నాది.

పోతమ్మ